మనది కాని పొలం కాగితం: ఏ మత గ్రంథాన్నైనా పక్షం కట్టకుండా చదవడం ఎలా

నాలుగేళ్ల కిందట మా సాయంత్రం టీ బృందం వాట్సాప్ గ్రూపులో నేనొక శ్లోకం పెట్టాను. "అహింసా పరమో ధర్మః, ధర్మహింసా తథైవ చ." అహింస గొప్ప ధర్మం, ధర్మం కోసం చేసే హింసా అంతే గొప్పదని కింద తాత్పర్యం. దాని కింద 'మహాభారతం' అని ముద్ర. ఎవరో నాకు పంపితే నేను ముందుకు తోసేశాను. గ్రూపులో మేం ఐదుగురమే. అందులో రిటైరైన ఉర్దూ సార్ ఒకరు. ఆయన ఒక్క మాట పెట్టాడు: "రైటరన్నా, ఇది ఏ పర్వంలో ఉంది? మొత్తం చదువుకుందామని."

అందులో ఎగతాళి లేదు. అందుకే నాకు కుదురు లేకుండా పోయింది. మూడు రోజులు వెతికాను. మొదటి ముక్క అనుశాసన పర్వంలో దొరికింది. దాని తర్వాత వచ్చేది "తథాహింసా పరో దమః". ఆ వెనకే "అహింసా పరమం దానం, అహింసా పరమం తపః". అహింసే నిగ్రహం, అహింసే దానం, అహింసే తపస్సు అని భీష్ముడు చెప్పుకుంటూ పోతాడు. నేను పంపిన రెండో ముక్క అక్కడ లేదు. పైగా అక్కడ జరుగుతున్నది యుద్ధం గురించిన చర్చ కాదు, మాంసం తినొచ్చా కూడదా అన్న చర్చ. శనివారం తప్ప మిగతా రోజుల్లో నాటుకోడి, సంగటి దొరికితే వదలని మనిషిని నేను. ఆ శ్లోకం మొత్తం దొరికాక దాన్ని గ్రూపులో పెట్టడానికి కాస్త ధైర్యం కావలసి వచ్చింది. పెట్టాను.

ముప్పై ఒక్క ఏళ్లు కడపలో డాక్యుమెంట్ రైటరుగా బతికినవాణ్ణి. దస్తావేజులో లేని మాటను ఉన్నట్టు చెబితే ఎన్ని కాపురాలు కూలతాయో నాకు తెలుసు. తెలిసీ చేశానంటే, ఆ మాట నాకు నచ్చింది. అంతే.

ఇంతకుముందు ఒకసారి పనిలోనే దెబ్బ తిన్నాను. చేరిన కొత్తలో చెన్నూరు వైపు నుంచి ఒక రైతు పాత విక్రయ దస్తావేజు పట్టుకొచ్చాడు. ఆ పొలం కొంటున్నాడు, బావి కూడా వస్తుందా అని అడిగాడు. అతని ఆత్రం నాకూ అంటుకుంది. "బావి, మోటారు, పైపులు సహా" అన్నంతవరకు చదివి, వస్తుంది పో అన్నాను. పేజీ తిప్పితే "మా తమ్ముని నాలుగో వంతు తప్ప" అని ఉంది. నేను తిప్పలేదు. ఆ 'తప్ప' వల్ల ఆ రైతు రెండేళ్లు పంచాయితీల చుట్టూ తిరిగాడు. నేను ఎదురైతే తల పక్కకు తిప్పుకునేవాడు. మా పెద్ద రైటరు నన్ను తిట్టలేదు. "కొనేవాడు చదివినట్టు చదవద్దురా. అమ్మేవాడు చదివినట్టూ చదవద్దు. ఆ పొలంతో నీకు పనే లేనట్టు చదువు" అన్నాడు.

నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటే. నమ్మకాన్ని చెప్పుల్లాగా గుమ్మం బయట విడిచి రమ్మనడం లేదు. నేను దేవుని కడప వెంకన్న భక్తుణ్ణే. ఉగాది నాడు బీబీ నాంచారమ్మ మా ఆడపడుచంటూ ముస్లిం కుటుంబాలు ఆ గుడికి వచ్చి వరసలో నిలబడతాయి. వాళ్ల పక్కన నిలబడి దండం పెట్టుకుని, ఇంటికొచ్చి ఖురాన్ అనువాదం తెరిచి, అందులో ఏం రాసుందో ఉన్నదున్నట్టు చెప్పగలనా అన్నదే నా ప్రశ్న. చెప్పొచ్చు. ఇతరుల పొలం కాగితాలు చదివే కదా ఇన్నాళ్లూ అన్నం తిన్నాను.

మొదట మతం జోలికి పోవద్దు. మీ ఊరి అభిమానం మీద చేయి తిప్పుకోండి. నా సంగతి చెబుతాను. పోతన మా ఒంటిమిట్టవాడేనని చిన్నప్పటి నుంచి నా పట్టుదల. ఏకశిలానగరమంటే ఇదే, రాముడు, సీత, లక్ష్మణుడు ఒకే శిలలో ఉన్న ఊరు ఇంకెక్కడుంది అనేవాణ్ణి. ఓరుగల్లువాళ్లూ అదే పేరు చూపించి ఏకశిల మాదే అంటారు. పైగా ఆయన ఇంటిపేరు బమ్మెర. ఆ పేరుగల ఊరు ఇవాళ జనగామ జిల్లాలో, పాలకుర్తి దగ్గర ఉంది. ఒక ఆదివారం కాగితం తీసుకుని, వాళ్లు నన్నే వకీలుగా పెట్టుకున్నట్టు వాళ్ల వాదన మొత్తం రాశాను. రాయడం అయ్యేసరికి వాళ్ల వైపే త్రాసు మొగ్గింది. రొంత బాధ వేసిన మాట నిజం. మా కోదండరాముడికి మాత్రం ఏ లోటూ రాలేదు, శ్రీరామనవమికి మళ్లీ వెళ్లాను. ఇలా ఒకసారి చేసి చూస్తే, నచ్చిన సంగతి వేరు, కాగితంలో ఉన్న సంగతి వేరు అన్నది ఒంటికి తెలుస్తుంది. ఆ తర్వాతే గ్రంథం తెరవండి.

అసలా, నకలా, నకలుకు నకలా

ఎవరు ఏ వాక్యం చూపించినా ముందు చిరునామా అడగండి. గీత అయితే అధ్యాయం, శ్లోకం. బైబిల్ అయితే పుస్తకం, అధ్యాయం, వచనం. ఖురాన్ అయితే సూరా (అధ్యాయం) సంఖ్య, ఆయత్ (వాక్యం) సంఖ్య; మొత్తం 114 సూరాలు. "వేదాల్లో ఉంది" అన్నది చిరునామా కాదు, "కడప జిల్లాలో ఒక ఇల్లు" అన్నట్టు ఉంటుంది. ఏ వేదం, అందులో ఏ భాగం, సంహితా, బ్రాహ్మణమా, ఉపనిషత్తా? చెప్పలేకపోతే ఆ చర్చ అక్కడితో ఆపి టీ తాగండి.

చిరునామా దొరికాక పాఠం చూడాలి. ఆ పని ఎట్లా చేయాలో చూపినవాడు మా ఊళ్లోనే ఉండేవాడు. బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చాడు. క్రైస్తవ మతబోధకుడి కొడుకు. వేమన అతనికి ఏ విధంగానూ చుట్టం కాదు. అయినా వేమన పద్యాల రాతప్రతులు ఎక్కడెక్కడివో తెప్పించి, పండితులను జీతాలకు పెట్టి, ఒక ప్రతిలో ఒకలా, ఇంకో ప్రతిలో ఇంకోలా ఉన్న పద్యాలను పక్కపక్కన పెట్టి పోల్పించాడు. 1829లో 693 పద్యాలు, 1839లో 1,164 పద్యాలు అచ్చు వేయించాడు. ఎర్రముక్కపల్లిలో అతని బంగళా ఉన్న చోట, జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో లేచిన గ్రంథాలయం ఇప్పుడుంది. నేను నోట్సు రాసుకునేది అక్కడే, ఫ్యాను బాగా తిరిగే బల్ల దగ్గర. చివర 'విశ్వదాభిరామ వినుర వేమ' తగిలిస్తే ఏ పద్యమైనా వేమన ఖాతాలో పడిపోయే ఈ రోజుల్లో బ్రౌన్ ఓపిక గుర్తుకొస్తుంది. మహాభారతానికి ఇదే పని పూనాలో భండార్కర్ సంస్థవాళ్లు చేశారు. 1,259 రాతప్రతులు సరిచూసి, 1966 నాటికి సంశోధిత ప్రతి పూర్తి చేశారు. నాలాంటివాడి ఫార్వర్డ్ బండారం బయటపడేది అలాంటి ప్రతుల దగ్గరే.

కాలజ్ఞానం సంగతీ ఇక్కడే అనేస్తాను. బ్రహ్మంగారి మఠం మా జిల్లాలోనే, కందిమల్లాయపల్లెలో. నేను ఏడాదికోసారైనా వెళతాను. 2020లో కరోనా వచ్చినప్పుడు 'కోరంకి' అనే జబ్బు గురించిన పద్యం ప్రతి ఫోనులోనూ మోగింది. నేను అడిగింది ఒకటే. ఆ పద్యాన్ని 2019లో ఎవరైనా అలా చదివారా? జరిగిపోయాక దొరికిన అర్థం పద్యంలోంచి వచ్చిందా, ఆ రోజు పేపర్లోంచి వచ్చిందా? ఇలా అడిగినందుకు మా ఇంట్లో రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

రాసిచ్చినవారు, రాయించుకున్నవారు

దస్తావేజు మొదటి పేజీ అంతా ఇదే ఉంటుంది: ఎవరు, ఎవరికి, ఏ తేదీన, ఏ అవసరం కొద్దీ. మత గ్రంథంలో ఇది దాటేసి నేరుగా నాలుగో పేజీలోని మంచి వాక్యం మీద వాలతాం.

మా బృందంలో పాస్టరన్న ఉన్నాడు. ఒక కొత్త సంవత్సరం రాత్రి చర్చిలో వాగ్దాన కార్డు (బైబిల్ వచనం రాసిన చీటీ) తీస్తే ఆయనకు యిర్మీయా 29:11 వచ్చింది. దేవుని ఉద్దేశాలు "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న వచనం. ఆ ఏడాది ఆయన కూతురు ఉద్యోగం కోసం తిరుగుతోంది. కార్డును బీరువా అద్దానికి అంటించాడు. నాకూ ఆ మాట బాగుంది, అధ్యాయం మొత్తం చదువుదామన్నాను.

చదివితే అదొక ఉత్తరం. యెరూషలేము నుంచి, బబులోనుకు (బాబిలోన్) చెరపట్టుకుపోయిన, అంటే బందీలుగా తీసుకుపోయిన, యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని బందీలుగా పెట్టిన ఆ పట్టణం క్షేమం కోరుకోండి అంటాడు. మీలోని ప్రవక్తలు చెప్పే కలలకు మోసపోకండి అంటాడు. పదో వచనంలో గడువు చెబుతాడు: డెబ్బై ఏళ్లు. ఆ తర్వాతే పదకొండో వచనం. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో ఎక్కువమంది తిరిగి వచ్చే లోపే పోయి ఉంటారు. అది ఓదార్పే. కానీ వచ్చే నెలకు ఉద్యోగం అనే ఓదార్పు కాదు.

పాస్టరన్న కాసేపు ఊరుకుని, "అన్నా, కార్డు మీద పదో వచనానికి చోటు చాలదు" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన కార్డు తీసేయలేదు. "నువ్వు చెప్పింది ఆ ఉత్తరం సంగతి, నేను పట్టుకుంది నా ప్రార్థన" అన్నాడు. ఆ రెండింటినీ విడిగా పట్టుకోగలిగాడు చూడండి, అంతకంటే నేను కోరేది లేదు.

ఇదే చెర గురించిన పాట ఒకటి కీర్తనల్లో ఉంది, 137వది. బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడ్చామని మొదలవుతుంది. చివరికి, బబులోను పసిపిల్లలను బండకేసి కొట్టేవాడు ధన్యుడు అంటుంది. నా మేనల్లుడు హేతువాది. బెంగళూరులో పని చేస్తాడు. వాడు ఈ వచనాన్ని ఫోనులో తీసి పాస్టరన్న ముందు పెట్టి, "చూడు మామా, ఇదీ వీళ్ల దేవుడి ఆజ్ఞ" అన్నాడు. ఆజ్ఞ కాదురా, శాపనార్థం. ఊరు తగలబడి, అయినవాళ్లు పోయి, పరాయి నది ఒడ్డున కూర్చున్నవాడి నోట వచ్చినది. చావింట్లో ఒక తల్లి అనే మాటను రేపు పోలీస్ స్టేషన్లో వాంగ్మూలంగా పెడతామా? అలాగని 'ఏడుపే కదా' అంటూ అందులోని కర్కశత్వాన్ని తుడిచేసినా తప్పే. ఆ మాట అక్కడ ఉంది. ఆ పట్టణం క్షేమం కోరుకోమన్న ఉత్తరమూ, ఆ పట్టణాన్ని శపించిన పాటా ఒకే అట్టల మధ్య ఉన్నాయి. చదివేవాడు రెండూ చూశానని ఒప్పుకోవాలి.

ఉత్తరాన్ని ఉత్తరంలా, పాటను పాటలా, చట్టాన్ని చట్టంలా చదవాలి. మాట్లాడుతున్నది ఎవరో కూడా చూసుకోవాలి. "జాతిధర్మాః కులధర్మాశ్చ శాశ్వతాః" అన్నది గీతలో ఉందని, కనుక కృష్ణుడే చెప్పాడని వేదికల మీద విన్నాను. అది మొదటి అధ్యాయం 43వ శ్లోకం. మాట్లాడుతున్నది అర్జునుడు, విల్లు వదిలేసే ముందు. అర్జునుడి మాటను కృష్ణుడు ఖండించాడా, ఒప్పుకున్నాడా అన్నది తర్వాత వాదించుకోవచ్చు. సంతకం ఎవరిదో మాత్రం ముందే చూడాలి.

మన మీమాంసకులు దీనికి ఎప్పుడో ఒక పద్ధతి చెప్పారు. ఒక గ్రంథం అసలు ఏం చెప్పదలచిందో తేల్చడానికి ఆరు గుర్తులు: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. అంటే మొదలూ తుదీ కలిసి ఏమంటున్నాయి, ఏ మాట పదేపదే వస్తోంది, ఇక్కడ తప్ప ఇంకెక్కడా తెలియని సంగతి ఏముంది, చివరికి దేనికి దారితీస్తోంది, ఏది ఊరికే పొగడ్త, ఏ యుక్తి చూపిస్తోంది. మొదటి గుర్తు ఒక్కటి పట్టుకుని గీత చూడండి. రెండో అధ్యాయంలో అర్జునుడు "న యోత్స్యే", యుద్ధం చేయను, అని కూర్చుంటాడు. పద్దెనిమిదిలో "కరిష్యే వచనం తవ", నువ్వు చెప్పినట్టే చేస్తాను, అని లేస్తాడు. శంకరులు అదే గీతలో జ్ఞానాన్ని, సన్యాసాన్ని చూశారు. మాండలే జైల్లో కూర్చుని తిలక్ కర్మయోగాన్ని చూశాడు. గాంధీ దాన్ని మనిషి లోపలి యుద్ధమన్నాడు. ముగ్గురికీ అవే 700 శ్లోకాలు. ఎవరి మాట వింటున్నా ఆ మొదలూ తుదీ ఎక్కడ పెట్టారో అడగండి. పెద్దల పేర్లు చూసి జంకనక్కర్లేదు, కాగితం మన ముందే ఉంది కదా.

తప్ప, గాని, మినహా

ఉర్దూ సార్ నాకు నేర్పిన మొదటి ఆయత్ 107వ సూరాలోని నాలుగోది. "నమాజు చేసేవారికి వినాశం." అక్కడ ఆపి, "ఇంతవరకు రాసి మసీదు గేటుకు కడదామా అన్నా?" అన్నాడు. ఐదోది కలిపితే: తమ నమాజు పట్ల అశ్రద్ధగా ఉండేవారికి. ఆ సూరా మొత్తం ఏడు ఆయత్‌లే. పైకి కనబడాలని చేసేవాళ్లూ, పొరుగువాడికి చిన్న సాయం కూడా చేయనివాళ్లూ మిగతా రెండింట్లో వస్తారు. సగం వాక్యం చదవడం అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి వాళ్లలో ఇదొక పాత ఉదాహరణట.

ఇక టీవీ చర్చల్లో అందరూ విసురుకునే ఖురాన్ 9:5. పవిత్ర మాసాలు గడిచాక బహుదైవారాధకులను చంపండి అన్న మాట అందులో ఉంది, లేదనకూడదు. దాని ముందరి ఆయత్ అరబ్బీలో 'తప్ప' అన్న మాటతోనే మొదలవుతుందట: మీతో ఒప్పందం చేసుకుని, దాన్ని తప్పనివారు తప్ప, వారి ఒప్పందాన్ని గడువు దాకా నిలబెట్టండి. తర్వాతిది, ఆరోది: వాళ్లలో ఎవరైనా శరణు అడిగితే ఇవ్వు, అల్లా మాట వినిపించు, తర్వాత అతన్ని క్షేమంగా ఉండే చోటికి చేర్చు. మూడూ కలిపి చదివితే, ఒప్పందాలు తెగిన ఒక యుద్ధకాలపు ఉత్తర్వులా కనిపిస్తుంది. ఏ సందర్భంలో ఏ ఆయత్ దిగిందో చెప్పే విద్య వాళ్ల దగ్గర వేరే ఉంది, షానే నుజూల్ అంటారు. అయితే కథ ఇక్కడితో తీరదు. ఐదో ఆయత్ అంతకుముందటి మెత్తని ఆయత్‌లను రద్దు చేసిందన్న పండితులు ఉన్నారు, కాదన్న పండితులూ ఉన్నారు. తర్వాతి దస్తావేజు ముందటిదాన్ని రద్దు చేస్తుందా అన్నది మా ఆఫీసులో రోజూ వచ్చే తగవే కనుక నాకు ఇది వింతగా తోచలేదు. నా మతంవాడు 'చంపమన్నారు' అని ఒక్క ముక్క చూపినా, ఉర్దూ సార్ మతంవాడు 'ఆ మాటే లేదు' అన్నా, నా దగ్గర ఇద్దరికీ ఒకే జవాబు: పేజీ తిప్పండి.

పేజీ తిప్పితే ప్రతిసారీ చల్లటి మాటే వస్తుందనుకోకండి. నాకు అది మనుస్మృతి దగ్గర తెలిసింది. "యత్ర నార్యస్తు పూజ్యంతే" మూడో అధ్యాయం 56వ శ్లోకం. పెళ్లి పత్రికల మీద కూడా వేస్తాం. "న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి" తొమ్మిదో అధ్యాయం 3వ శ్లోకం. అందులో తండ్రి, భర్త, కొడుకు 'రక్షతి' అని ఉంది కదా, అది కాపాడటమే గాని అణచడం కాదని నేను చాలా ఏళ్లు వాదించాను. ఒక రోజు దాని పైనున్న రెండో శ్లోకం చదివాను. "అస్వతంత్రాః స్త్రియః కార్యాః పురుషైః స్వైర్దివానిశమ్." తమ స్త్రీలను మగవాళ్లు పగలూ రాత్రీ స్వతంత్రం లేకుండా ఉంచాలి. సందర్భం చూడు, సందర్భం చూడు అని అందరికీ చెప్పేవాడిని. సందర్భం చూస్తే నా వాదన అక్కడే కూలిపోయింది. మూడో అధ్యాయంలోని శ్లోకం అబద్ధమైపోలేదు, అదీ ఉంది. ఇదీ ఉంది. నా కూతురికి ఫోను చేసి చెప్పాను. "ఇప్పుడు తెలిసిందా నాయనా?" అంది.

మాట ఒకటే, అర్థం వేరు

తెలుగువాళ్లకు ఉన్న ప్రత్యేకమైన చిక్కు ఇది. మన రోజువారీ మాట, సంస్కృతంలోని మాట, బైబిల్ తెలుగులోని మాట పైకి ఒకేలా కనిపిస్తాయి.

"కర్మణ్యేవాధికారస్తే" లో అధికారం అంటే మనం కలెక్టరు అధికారం అనుకుంటాం. అక్కడది హక్కు, అర్హత. నీకు హక్కు పని మీదే, ఫలాల మీద ఎన్నడూ కాదు. దున్నుకునే హక్కు ఉంది, పంట మీద లేదు అన్న కౌలు కాగితం ఎవరైనా రాయమంటే నేను రాయను గానీ, ఆ శ్లోకం చెప్పేది ఇంచుమించు అదే. ఫలం అడగకపోతే ఇక పని ఎందుకు అనుకునేవాడి కోసం నాలుగో పాదం ఉంది: "మా తే సంగోఽస్త్వకర్మణి", పని మానేయడం మీదా మనసు పెట్టుకోకు. గోడల మీద మొదటి రెండు పాదాలే రాస్తారు.

మత్తయి 10:34 మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. "ఖడ్గమునే గాని సమాధానమును పంపుటకు నేను రాలేదు." ప్రశ్నకు జవాబు ఇవ్వనంటున్నాడేమిటి అనుకున్నాను! బైబిల్ తెలుగులో సమాధానం అంటే శాంతి. ఇదే మాట లూకా 12:51లో ఖడ్గం బదులు 'భేదము' అని వస్తుంది. రెండు చోట్లా వెంటనే తండ్రీ కొడుకు, తల్లీ కూతురు, అత్తా కోడలు విడిపోవడం గురించే ఉంది. ఇంట్లో వచ్చే చీలిక అది. ఒకే సంగతి రెండు పుస్తకాల్లో ఉంటే రెండూ తెరిచి పక్కపక్కన పెట్టుకోవడం మరిచిపోవద్దు. ఇలాగే బైబిల్లో 'ధర్మశాస్త్రము' కనబడితే మనువు గుర్తుకు రాకూడదు, అది మోషే చట్టం. 'విశ్వాసం' అంటే మన ఇళ్లల్లో కుక్కకు ఉండేది. అక్కడ వేరు.

జిహాద్ మాటనూ ఇలాగే అడిగాను. ఉర్దూ సార్ 31వ సూరా 15వ ఆయత్ చూపించాడు. అల్లాకు సాటి కల్పించమని తల్లిదండ్రులు బిడ్డను గట్టిగా ఒత్తిడి చేస్తే వాళ్ల మాట వినకు, అయినా ఈ లోకంలో వాళ్లతో మంచిగా మెలుగు అని ఉంది. ఆ 'ఒత్తిడి చేయడం' అన్నచోట వాడింది జిహాద్ ధాతువే, అంటే ఆ మాట పుట్టిన మూలమే. చేస్తున్నది ముస్లిమేతరులైన తల్లిదండ్రులు! యుద్ధం గురించి చెప్పే చోట్లా అదే ధాతువు వస్తుంది. అందుకని ఈ మాటకు ఒక్కటే అర్థం అని ఎవరు బల్ల గుద్దినా నమ్మవద్దు, చోటు చోటుకూ చూసుకోవాలి. నాకు అరబ్బీ రాదు, గ్రీకు, హీబ్రూ అసలే రావు. సంస్కృతం పదవిభాగం పెట్టిన పుస్తకం ఉంటే తంటాలు పడతాను. మిగతావాటికి రెండు మూడు అనువాదాలు పెట్టుకుని, అవి ఎక్కడ విడిపోతున్నాయో అక్కడ గీత గీసి, తెలిసినవాణ్ణి అడుగుతాను. అనువాదాలు విడిపోయిన చోటే మూలంలో ముడి ఉంటుంది.

తూకం రాయి ఒకటే ఉండాలి

నా దగ్గర పొడుగు నోటు పుస్తకం ఒకటి ఉంది. ప్రతి పేజీకి నడుమ గీత. ఎడమవైపు కాగితంలో ఏముందో నా మాటల్లో. కుడివైపు నాకేమనిపించిందో. 'దారుణం', 'ఎంత గొప్ప మాట' లాంటివి ఎడమవైపు కనిపిస్తే కొట్టేసి కుడివైపుకు మారుస్తాను. మొదటి ఆరు నెలలు కొట్టివేతలే ఎక్కువ. దస్తావేజులో అన్ని కొట్టివేతలుంటే రిజిస్ట్రారు మొహాన కొట్టేవాడు.

దీంట్లోనే నా రోగం దొరికింది. నా పుస్తకంలో గట్టి మాట వస్తే 'ఆ కాలం, ఆ సందర్భం' అని రాస్తున్నాను. ఇంకొకరి పుస్తకంలో వస్తే 'రాసింది రాసినట్టే' అంటున్నాను. మంచి మాట దగ్గర ఇది తలకిందులవుతోంది: నాదైతే సారాంశం, వాళ్లదైతే ఏదో ఒక్కచోట అన్నారులే. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఒక సాకు నా పుస్తకానికి వాడితే, అదే వారంలో ఇంకో పుస్తకానికీ అదే వాడి చూడాలి. అక్కడ చెల్లకపోతే ఇక్కడా చెల్లదు.

మా మేనల్లుడికీ ఇదే చెప్పాను. తప్పులు ఏరడానికే చదివేవాడు కూడా కొనేవాడే, ధర తగ్గించడానికి చూస్తున్నాడంతే. అన్ని గ్రంథాలూ ఒకటే చెబుతాయి అనే మంచివాళ్లతో నాకు ఇంకా కష్టం. వాళ్లను నొప్పించాలనిపించదు. కానీ గీత 2:22 పాత బట్టలు విడిచి కొత్తవి కట్టినట్టు దేహి, అంటే దేహంలోని ఆత్మ, వేరే శరీరాలు పొందుతాడంటుంది. హెబ్రీయులకు రాసిన పత్రిక 9:27 మనుషులు ఒక్కసారే చనిపోవాలని, ఆ తరువాత తీర్పని అంటుంది. రెండు పొలాలకు హద్దు ఉంది. హద్దు లేదనడం స్నేహం కాదు, రేపటి తగవు.

ఒక సంగతి మాత్రం గుర్తు. దస్తావేజులో ఏముందో చెప్పడం నా పని. అమ్మినవాడికి అసలు హక్కు ఉందా అన్నది నేను తేల్చేది కాదు, కోర్టు తేల్చాలి. 'ఈ గ్రంథం పునర్జన్మ ఉందంటోంది' అన్నది ఒక మాట, 'పునర్జన్మ ఉంది' అన్నది ఇంకో మాట. మొదటిదాన్ని నాస్తికుడూ, పాస్టరూ, నేనూ ఒకేలా చెప్పగలగాలి. రెండో దానికి ఎవరి గుడి వాళ్లది, గుడి లేనివాడిది వాడిది.

మొదలుపెట్టడానికి చిన్నవి తీసుకోండి. గీత పన్నెండో అధ్యాయం 20 శ్లోకాలు. ఫిలేమోను పత్రిక 25 వచనాలు. ఇందాక చెప్పిన 107వ సూరా ఏడు ఆయత్‌లు. ఎడమ గడి నిండాక, ఆ గ్రంథాన్ని నమ్మేవాళ్లలో బాగా చదువుకున్నవాడి దగ్గరికి వెళ్లి చదివి వినిపించండి. "అవును, మా పుస్తకం ఇదే చెబుతోంది" అంటే ఆ పేజీ అయినట్టే. 107వ సూరా మీద నేను రాసింది వినిపిస్తే ఉర్దూ సార్ ఒక్క మాట మార్చాడు. నేను 'దానం' అని రాశాను, "దానం కాదన్నా, ఇరుగు పొరుగు అడిగి తీసుకుపోయే చేతిసాయం, గిన్నో గరిటో లాంటిది కూడా" అన్నాడు. దిద్దుకున్నాను. ఆ రోజు ఏడు రోడ్ల కూడలిలో టీ డబ్బులు నేనే ఇచ్చాను.

పాస్టరన్నతో ఇంకా తెగనిది ఒకటుంది. యెషయా 7:14. తెలుగులో 'కన్యక గర్భవతియై' అని ఉంది. హీబ్రూలో ఉన్న 'అల్మా'కు పెళ్లీడు యువతి అని అర్థమట. గ్రీకులోకి మార్చినవాళ్లు 'పార్థెనోస్' అన్నారు, అంటే కన్య. మత్తయి 1:23లో వచ్చేది ఆ గ్రీకు మాటే. యెషయా కాలపు ఆహాజు రాజుకు ఆ రోజు ఇచ్చిన గుర్తు ఒకటి, మత్తయి దానిలో చూసింది ఇంకొకటి, రెండు గడుల్లో రాద్దామని నేను. దేవుడు ఒకే మాటను రెండుసార్లు నెరవేర్చగలడు, ఒకే గడిలో రాయమని ఆయన. మూడు సాయంత్రాలు వాదించుకున్నాం. ఇప్పుడు ఆ పేజీలో ఎడమవైపు హీబ్రూ మాట, గ్రీకు మాట, రాజు పేరు, వచనాల సంఖ్యలు పెన్నుతో ఉన్నాయి. కుడివైపు ఆయన రాత కొంత, నా రాత కొంత, రెండూ పెన్సిలుతోనే.